లేట్ అనే మాటకు అక్క ఎంచుకున్న అర్థం

పోయిన నెలలో ఒక పొద్దున సూర్యాపేట నుంచి సునీత ఫోన్ చేసింది. "చిన్నమ్మా, అమ్మ పోయింది" అంది. ఎలా జరిగిందో తనే చెప్పింది. "ముసురు వట్టిందని ఆరేసిన బట్టలు లోపలేసింది. చాయ్ తాగింది. గోడకు ఒరిగి కూసున్నది. గ్లాసు తీసుకుందామని పోయి పిలిస్తే పలకలే." గొంతులో ఏడుపు లేదు. వాళ్ళమ్మ పెంపకం అది.

నేను మిర్యాలగూడ నుంచి బస్సెక్కి వెళ్ళేసరికి వాకిలి నిండింది. వచ్చినవాళ్ళలో సగం మంది లారీల వాళ్ళు. కొందరు ముసలివాళ్ళయిపోయారు. కొందరిని నేనెప్పుడూ చూడలేదు. ఒకాయన ఏదో లోడుతో విజయవాడ పోతూ హైవే పక్కన బండి ఆపి వచ్చాడట. చెప్పులు విప్పి, దండం పెట్టి, కాసేపు నిలబడి, మళ్ళీ చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

లోపల ఆడవాళ్ళ మధ్య చిన్న మాటామాటా నడుస్తోంది. బొట్టు పెట్టి, గాజులు వేసి పంపాలా, వద్దా అని. భర్త ఉన్నట్టా, లేనట్టా? అక్కకు తోటికోడలు వరుసయ్యే ఆమె నన్ను పక్కకు పిలిచి, "మీకు తెలుస్తది గద మేడం, ఏం జెయ్యాలె?" అని అడిగింది. నేను జవాబు చెప్పే లోపే సునీత వచ్చి, "అమ్మ రోజు ఎట్లుంటదో అట్లనే పంపుదాం" అంది. కుంకుమ భరిణె తీసుకుని తనే బొట్టు పెట్టింది, రూపాయి బిళ్ళంత. అక్క జీవితమంతా అంత బొట్టే పెట్టుకుంది.

ఆమె నాకు చుట్టం కాదు. ఎనభైల మొదట్లో పెళ్ళయి నేను కోదాడ వైపు నుంచి సూర్యాపేట వచ్చాను. మా వారికి అక్కడ బ్యాంకులో ఉద్యోగం. నాకు కోదాడలో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంగ్లీషు చెప్పే పని దొరికింది. పొద్దున బస్సులో పోయి సాయంత్రానికి తిరిగొచ్చేదాన్ని. మేం కిరాయికి దిగిన ఇల్లు హైవే వెనక సందులో ఉండేది. ఒకే వాకిలి, రెండు పోర్షన్లు. పక్క పోర్షన్‌లో అక్క, లారీ డ్రైవరుగా పనిచేసే ఆమె భర్త, వాళ్ళ ఒక్కగానొక్క కూతురు సునీత. నాకన్నా నాలుగైదేళ్ళు పెద్దది కాబట్టి అక్క అన్నాను. ఆమె కొన్నాళ్ళు మేడం అంది. ఒక రోజు పప్పు గిన్నె అందిస్తూ చెల్లె అంది. ఇక అదే ఖాయమైంది.

ఆమె భర్తను నేను చూసింది తక్కువ. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ట్రిప్పు నుంచి వచ్చాడంటే నిద్రే. పిల్ల తన మీదికెక్కి ఆడుకున్నా లేచేవాడు కాదు. రెండు రోజులు తిరక్కుండానే లారీ ఓనరు మనిషి వచ్చి వాకిట్లో నిలబడేవాడు.

మేం వచ్చిన రెండు మూడేళ్ళకు ఆయన మిర్యాలగూడ మిల్లులో బియ్యం లోడు ఎత్తుకుని నాగపూర్ వైపు పోయాడు. లోడు దింపాడు. తిరిగొచ్చేటప్పుడు దారిలో ఒకచోట బండి పక్కకు ఆపి, తాళం చెవి క్లీనర్ చేతిలో పెట్టి, "బండి జూస్కో, జర నడుం వాల్చొస్త" అని దిగాడట. క్లీనర్ సీటు మీద పడుకుని నిద్రపోయాడు. లేచేసరికి ఆయన రాలేదు. సాయంత్రమైనా రాలేదు. ఓనరు ఇంకో డ్రైవరును పంపి బండి తెప్పించుకున్నాడు. పోలీసులకు చెప్పారు. అక్క తమ్ముడు వెళ్ళి ఆ దారి వెంట వారం పది రోజులు వెతికాడు. బండి వచ్చింది గాని మనిషి రాలేదు.

ఆ తర్వాత అక్క చేసిన పని, లారీ లోడు మీద కప్పే టార్పాలిన్ పట్టాలు కుట్టడం. భర్త స్నేహితులే మొదట జాలిపడి చిరిగిన పట్టాలు తెచ్చి వేశారు. కొన్నాళ్ళకు జాలితో పని లేకుండా, కుట్టు గట్టిగా ఉంటుందని తెచ్చారు. వాకిలి నిండా పట్టా పరిచి, దాని నడుమ కూర్చుని, దబ్బనంతో కుట్టేది. లేచి ఇంట్లోకి పోయేటప్పుడు దబ్బనాన్ని కొప్పులో గుచ్చుకునేది. బజారుకు కూడా ఒక్కోసారి అలాగే వెళ్ళిపోయేది. "చిరిగిన కాడ ఎవ్వలన్న కుడతరు చెల్లె. చిరగబోయే కాడ కనిపెట్టాలె" అనేది. పట్టాను ఎండకేసి ఎత్తి పట్టి, వెలుతురు సన్నగా దిగే చోట్లు వెతికేది.

పట్టా తీసుకుని పోయే ప్రతి డ్రైవరునూ ఒకే మాట అడిగేది. "ఎప్పుడొస్తవ్?" ఎక్కడికి అని అడిగేది కాదు. బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడగొద్దు అనేది. అతను ఏ లైనులో పోతున్నాడో తనంతట తనే చెబితే, "గా రోడ్ల కనిపిస్తే జర జెప్పు" అనేది. ఎవరు కనిపిస్తే అని చెప్పక్కర్లేదు. అందరికీ తెలుసు.

ఇంగ్లీషు చదువుకోలేదు గాని లారీల వెనక రాసినవన్నీ నా చేత చదివించి అర్థం అడిగేది. ఒకసారి హారన్ ప్లీజ్ దగ్గర ఆగింది. "హారన్ తెలుసు. ప్లీజ్ అంటే?"

"దయచేసి అని అక్కా."

"హారన్ కొట్టనీకి గూడ దయ గావాల్నా?" అని నవ్వింది. నేను ఆ మాట మర్నాడు క్లాసులో చెప్తే పిల్లలూ నవ్వారు. కోదాడ పిల్లలకు సూర్యాపేట మాట వింతగా ఉండేది. నా మాటకు అక్కా అలాగే నవ్వేది. "వచ్చారు, వెళ్ళారు అనుకుంట మీ కోదాడోళ్లు జర గాలి మనుషులే" అనేది. ఆంధ్రా గాలి అని ఆమె ఉద్దేశం.

సునీత పదో తరగతికి వచ్చింది. పబ్లిక్ పరీక్షకు దరఖాస్తులు నింపుతున్నారు. తండ్రి పేరు రాసేటప్పుడు సారు, "మీ నాయిన ఉన్నడామ్మా?" అని అడిగాడట. పిల్ల, "లేడు సార్" అంది. ఆయన పేరు ముందు లేట్ అని ఇంగ్లీషులో చేర్చి, ఇంటి దగ్గర సంతకం పెట్టించుకురమ్మన్నాడు.

ఆ సాయంత్రం నేను బస్సు దిగి వచ్చేసరికి అక్క ఆ కాగితం పట్టుకుని వాకిట్లో ఉంది.

"చెల్లె, ఈయన పేరు ముంగట ఏందో వెట్టిన్రు. సూడు."

చూశాను. "లేట్ అని ఉంది."

"లేట్ అంటే? బస్సు లేటయింది అంటం, గదేనా?"

"మాట అదే అక్కా. మనిషి పేరు ముందు పెడితే అర్థం మారుతుంది."

"ఏమని?"

"ఆ మనిషి లేరని."

"ఇంట్లె లేడనా?"

నేను తప్పించుకోలేకపోయాను. "కాదక్కా. చనిపోయారని."

ఆమె కాగితాన్ని మడత పెట్టింది. ఇంట్లోకి చూసి, "సునీతా, ఇటు రా" అని పిలిచింది. పిల్ల వచ్చింది. "నాయిన సచ్చిండని సెప్పినవా?"

"లేడన్న. ఉన్నడా మరి?"

"లేడంటే సచ్చినట్టేనా? రేపు పోయి కొట్టేయించు."

సునీత ఎప్పుడూ ఎదురు మాట్లాడే పిల్ల కాదు. ఆ రోజు మాట్లాడింది. "నేను కొట్టేయించ. బళ్ళె ఏమంటున్నరో నీకేం తెలుసు? మీ నాయిన ఇంకో ఆమెను తీస్కోని లేచిపోయిండంట గదా అంటున్నరు. సచ్చిపోయిండంటే ఎవ్వలేమనరు. పాపం అంటరు. నాకు గదే మంచిగున్నది."

అక్క చెయ్యెత్తలేదు, అరవలేదు. కాగితాన్ని దేవుడి పటం వెనక పెట్టి వచ్చి మళ్ళీ కుట్టుపనిలో కూర్చుంది. ఆ రాత్రి నుంచి తల్లీ కూతుళ్ళ మధ్య మాటల్లేవు. అన్నం వడ్డించడం, తినడం, గిన్నెలు కడగడం, అన్నీ చప్పుడు లేకుండా జరిగేవి. దరఖాస్తు ఇవ్వాల్సిన గడువు దగ్గర పడుతోంది. సంతకం లేకపోతే పిల్ల పరీక్ష రాయలేదు. కొట్టేయిస్తే పిల్ల బడికి పోనంటోంది. ఇద్దరిలో ఎవరి పక్షాన మాట్లాడాలో నాకు తెలియలేదు. ఇద్దరూ నా దగ్గరికి వచ్చి వేరువేరుగా, "నువ్వు జెప్పు" అన్నారు.

నాకు చేతనైన పని ఒక్కటే. ఆ మాట ఎక్కడిదో చూడటం. మా కాలేజీ లైబ్రరీలో ఇంగ్లీషు మాటల పుట్టుక చెప్పే లావుపాటి నిఘంటువు ఒకటి ఉండేది. దాన్ని తీసేవాళ్ళు లేక అట్ట మీద దుమ్ము గట్టిపడింది. మధ్యాహ్నం క్లాసు లేని గంటలో దాన్ని దింపుకుని కూర్చున్నాను. పదేళ్ళుగా చదువుతూ, చెబుతూ ఉన్న భాషలో అంత చిన్న మాట గురించి నాకు తెలిసింది ఎంత తక్కువో అప్పుడు తెలిసింది.

ఆ మాట మొదట కాలం గురించి చెప్పేది కాదట. మనిషి గురించి చెప్పేది. పాత ఇంగ్లీషులో మెల్లగా కదిలేవాణ్ణి, ఒళ్ళు బరువైనవాణ్ణి అలా అనేవాళ్ళు. ఇంకా వెనక్కి, ఇంగ్లీషు, లాటిన్ లాంటి భాషలకు తల్లి లాంటి భాష దాకా పోతే, అలసి పట్టు సడలడం అనే అర్థం దగ్గరికి చేరుతుంది. లాటిన్‌లో అలసినవాణ్ణి చెప్పే మాట కూడా అక్కడి నుంచే వచ్చింది. వదిలిపెట్టు అనే అర్థమున్న లెట్ దీనికి తోబుట్టువు. చివరిది అనే అర్థమున్న లాస్ట్ దీని బిడ్డే. అందరికన్నా లేటుగా వచ్చింది చివరిదవుతుంది కదా. మెల్లగా నడిచేవాడు ఆలస్యంగా చేరతాడు గనుక కాలక్రమంలో ఆలస్యం అనే అర్థం స్థిరపడింది. చనిపోయిన మనిషికి వాడటం ఆ తర్వాతి సంగతి. ఈ మధ్య దాకా ఉన్న మనిషి అని చెప్పడానికి మొదలుపెట్టి, ఇప్పుడు లేని మనిషి అనే దగ్గర ఆగారు.

చదువుతుంటే మన ఆలస్యం గుర్తొచ్చింది. దానికీ సంస్కృతంలో మొదటి అర్థం మందకొడితనం, బద్ధకమే. తెలుగులోకి వచ్చాక జాగుగా మారింది. మన అలసటకూ దానికీ చుట్టరికం ఉందో లేదో పండితులు చెప్పాలి. ఒకరికొకరు ఎంతో దూరంగా పెరిగిన ఇంగ్లీషు వాళ్ళు, తెలుగు వాళ్ళు, ఆలస్యంగా వచ్చిన మనిషిని చూసి ఒకే తీరుగా ఆలోచించారు అనిపించింది.

సాయంత్రం వాకిట్లో చెప్పాను. అక్క పట్టా మీద ఉంది. సునీత గడపలో పుస్తకం పట్టుకుని ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూడకుండా నా మాట విన్నారు. క్లాసులో చెప్పినట్టు చెప్పుకుంటూ పోయాను. అలసట దగ్గరికి వచ్చేసరికి అక్క దబ్బనం ఆపింది.

"మల్ల జెప్పు."

"మొదట్లో ఆ మాటకు అర్థం అలసిపోవడమే అక్కా. అలసిన మనిషి అని."

ఆమె చేతిలో దారం చివర తిప్పుకుంటూ ఉంది. తర్వాత నాకు కాకుండా, పట్టాకు చెబుతున్నట్టు చెప్పింది.

"పోయిన దినం పొద్దుగాల నేనే లేపిన. ముందటి దినమే ట్రిప్పు నుంచి వచ్చిండు. ఒక్క రోజు పండుకోనియ్యి, అలిసిన అన్నడు. సేట్ మనిషి వాకిట్ల నిలవడ్డడు. డ్రైవర్ దొరుకతలేడు, లోడు ఆగింది, జర లేపమ్మా అన్నడు. మల్లొకసారి పనికి పిలువడేమో అని నాకు భయం. లే, పోయిరా అన్న. లేసిండు. మొఖం గూడ సరిగ కడుక్కోలే."

సునీత పుస్తకం మూసింది. "నువ్వెప్పుడు సెప్పలే."

"ఏమని సెప్పాలె బిడ్డా?"

కొంతసేపటికి అక్క లేచి, చేతులు కొంగుకు తుడుచుకుని, పటం వెనక నుంచి కాగితం తెచ్చింది. ఆ మాట ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంది. చూపించాను. ఇంగ్లీషు అక్షరాలు తెలియకపోయినా దాని వైపు కాసేపు చూసింది.

"అలిసినోడు అని రాసినట్టేనా?"

"మొదటి అర్థం తీసుకుంటే అంతే."

"అయితే ఉండనియ్యి. అబద్ధమేం లేదు. సదివేటోళ్లు సచ్చిండనుకుంటే అనుకోని. వాళ్ళ అర్థం వాళ్ళది, నా అర్థం నాది." నా పెన్ను తీసుకుని తెలుగులో సంతకం పెట్టింది. కూతురికి ఇస్తూ, "బళ్ళె ఎవ్వలన్న అడిగితే నీకు నచ్చింది జెప్పుకో. ఇంట్ల మాత్రం నాయిన రాలే, గంతే" అంది.

ఇన్నేళ్ళు పాఠాలు చెప్పాను. మాటల పుట్టుక మీద పరీక్షల్లో ప్రశ్నలు ఇచ్చాను, మార్కులు వేశాను. ఒక మాట వెనకటి అర్థాన్ని తీసుకుని ఇంట్లో చిక్కు విప్పుకున్న మనిషిని మాత్రం ఆ ఒక్కసారే చూశాను.

కొన్నాళ్ళకు ఆ మాట గురించే ఇంకోటి అడిగింది. "చెల్లె, ఎన్నేళ్ళ దాక లేట్ అంటరు?"

మన దగ్గర ముప్పై ఏళ్ళ కిందట పోయిన తాతకు కూడా పెళ్ళి పత్రికలో పెడతారు గాని, ఇంగ్లీషు వాళ్ళు కొంతకాలం తర్వాత మానేస్తారని చెప్పాను. ఎప్పుడో పోయిన రాజుల పేర్ల ముందు ఎవరూ పెట్టరు.

"మరి ఏం వెడతరు?"

"ఏమీ పెట్టరు. ఉత్త పేరే."

"గట్లనా. అంటే కొన్నొద్దులైతే పేరు మల్ల ఎప్పటి లెక్కనే అయితది" అంది. ఆమెకు అది నచ్చినట్టుంది. రెండు మూడుసార్లు ఆ మాటే అనుకుంది.

సునీత పది పాసైంది. ఇంటర్ చదివింది, టీచర్ ట్రైనింగ్ చేసింది. తొంభైల నడుమ గరిడేపల్లి దగ్గర ఒక బళ్ళో టీచరైంది. ఆ రోజుల్లోనే మా వారికి మిర్యాలగూడ బదిలీ అయితే మేం అక్కడికి మారాం. అక్కకు నాకు దూరం పెరగలేదు. మిర్యాలగూడ రైసు మిల్లుల్లో వడ్ల మీద కప్పే పెద్ద పట్టాలు ఉంటాయి. వానాకాలం ముందు అవి కుట్టించేవాళ్ళు. వాటి కోసం వచ్చిన ప్రతిసారీ మా ఇంట్లో దిగేది. త్రిపురారం వైపు కాలవ వెంట పచ్చగా ఉన్న పొలాలను చూసి, "మీ దిక్కు నీళ్ళు మస్తుగున్నయి. మా తుంగతుర్తి దిక్కు ఎండకు పట్టాలే సిరుగుతయి" అనేది. ఆమె పుట్టిల్లు తుంగతుర్తి దగ్గర.

ఆ తుంగతుర్తి వైపు డ్రైవరే, ఆమెకు వరుసకు అన్న అయ్యే పెద్దాయన, ఒకసారి పట్టా తీసుకోవడానికి వచ్చి కబురు చెప్పాడు. నాగపూర్ దాటాక ఒక దాబాలో పనిచేసే మనిషి అచ్చం బావ లాగే ఉన్నాడట. పలకరిస్తే హిందీలో మాట్లాడి లోపలికి పోయాడట. నడక మాత్రం అదే నడక అన్నాడు.

అక్క వారం తర్వాత ఆ పెద్దాయనకు కబురు పెట్టింది. "మల్ల గా లైన్ల లోడు వడ్డప్పుడు నన్ను ఎక్కించుకో అన్నా." ఆయన వెనకాముందూ ఆడాడు. చివరికి నలుగురూ నాలుగు మాటలనకుండా తన భార్యను కూడా వెంట తీసుకుని వచ్చాడు. మిర్యాలగూడ మిల్లులో బియ్యం లోడవుతుంటే ముందు రోజే అక్క మా ఇంటికి వచ్చింది. సునీతకు పట్టా గుడ్డ కొనడానికి పోతున్నానని చెప్పిందట.

"తీసుకొస్తావా అక్కా?" అన్నాను.

"సూద్దాం."

"ఆయన కాకపోతే?"

"కాకపోతే గాదు. పోయొస్తే ఒక దిక్కు తేలుతది గదా" అంది. మంచి చీర కట్టుకోమన్నాను. లారీ క్యాబిన్‌లో మసి అవుతుందని పాత చీరే కట్టుకుంది. బొట్టు మాత్రం దిద్దుకుంది.

వారం దాటాక ఒక పొద్దున తిరిగి వచ్చింది. ఒంటరిగా. స్నానం చేసింది, అన్నం తింది, సాయంత్రం దాకా నిద్రపోయింది. లేచాక టీ ఇచ్చి పక్కన కూర్చున్నాను. అప్పుడు చెప్పింది.

ఆ తర్వాత ఆమె ఏ డ్రైవరునూ, "కనిపిస్తే జెప్పు" అని అడగలేదు. ఎప్పుడొస్తవ్ అని మాత్రం ఎప్పటిలాగే అడిగేది. సునీతకు కొన్నేళ్ళు ఆగి, దాని పెళ్ళయ్యాక చెప్పింది. సునీత అంతా విని, "సన్నవడ్డడా?" అని మాత్రం అడిగిందట. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ దాబా పోయిందని, ఆయన ఎటు వెళ్ళాడో తెలియదని తర్వాతెప్పుడో తుంగతుర్తి పెద్దాయన చెప్పాడు. ఆయన ఇప్పుడు ఉన్నాడో లేదో మాకెవరికీ తెలియదు. పోయిన నెల అక్క దహనం అయి వచ్చాక సునీత నన్ను కూర్చోబెట్టి, "చిన్నమ్మా, అమ్మ గురించి రాస్తే గది గూడ రాయి. దాచేది ఏమున్నది అందుల?" అంది. అందుకే రాస్తున్నాను. అక్క ఆ సాయంత్రం మా ఇంట్లో చెప్పింది ఇది.

"ఆయనే చెల్లె. బండి దిగంగనే గుర్తువట్టిండు. తుండు భుజమ్మీదేసుకుని రొట్టెలు తెస్తున్నడు. నన్ను సూసి నిలవడ్డడు. నేను గూడ నిలవడ్డ. మస్తు సేపు నిలవడ్డం. 'తిన్నవా?' అన్నడు. లే అన్న. మంచం సూపిచ్చి కూసోమన్నడు."

"నువ్వేమీ అనలేదా?"

"అననీకే పోయిన. తొవ్వ పొడుగుత ఏమేం అనాలెనో అనుకుంట పోయిన. మా అన్న భార్య అయితే నాకన్న ఎక్కువ అనుకున్నది. గీ మనిషేమో నా ముంగట రొట్టె వెట్టిండు. నేను రొట్టె తిననని మల్ల యాదికొచ్చినట్టున్నది. లోపలికి వోయి దాబా పనోళ్లు వాళ్ళ కోసం వండుకున్న అన్నం తెచ్చిండు. పప్పు వోసిండు. తినబట్టినంక ఎట్ల తిట్టాలె?"

"అమ్మాయి గురించి ఆయన అడిగారా?"

"బిడ్డ ఎట్లున్నది అన్నడు. టీచరైంది అన్న. తలకాయ ఊపిండు. కండ్లల్ల నీళ్ళు తిరిగినయి గని కిందికి రాలే."

"రమ్మని అడగలేదా అక్కా?"

"అడిగిన. ఒక్కసారే అడిగిన. రోడ్డు దిక్కు సూసిండు, ఏం జవాబియ్యలే. మల్ల అడుగలే నేను."

"ఎందుకు?"

అక్క టీ గ్లాసు కింద పెట్టింది. "మొఖం సూస్తే తెలుస్తది గద చెల్లె. ఇంక అలుపు తీరలే ఆయనకు. నేను లేపినప్పుడు గూడ గట్లనే సూసిండు. మల్లొకసారి నేనే ఎట్ల లేపాలె?"

తిన్నాక ఆయన చెంబుతో నీళ్ళు పోస్తే చేయి కడుక్కుందట. పోయొస్త అని ఆమె అనలేదు, పోయిరా అని ఆయన అనలేదు. తుంగతుర్తి ఆయన బండి స్టార్ట్ చేశాడు. పైకెక్కి కూర్చుని ఒకసారి వెనక్కి చూసిందట. అప్పుడే ఇంకో లారీ వచ్చి ఆగింది. ఆమె లేచిన మంచం మీద ఎవరో ఇద్దరు డ్రైవర్లు కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. ఆయన తుండుతో మంచం పట్టె మీద మెతుకులు దులిపి, వంగి వాళ్ళ గ్లాసుల్లో నీళ్ళు పోస్తున్నాడట.